2012 ఎక్స్‌5: 4,35,000 ఎస్టిమేట్‌లో ఏది ముందు, ఏది ఆగుతుంది?

నరసాపురం లాకులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి. కారు బీఎండబ్ల్యూ ఎక్స్‌5 30డీ, 2012 మోడల్. ఈ70 బాడీ, ఎన్57 డీజిల్ ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. మూడో వరస సీట్లున్న బండి కాబట్టి వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంది. ఎక్కువ తిరుగుడు నరసాపురం, పాలకొల్లు, భీమవరం మధ్యే, ఎప్పుడైనా హైదరాబాద్.

ఇప్పుడున్న ఇబ్బందులు ఇవీ. రాత్రి పెడితే తెల్లారేసరికి వెనక ఎడమవైపు కూర్చుండిపోతోంది. స్టార్ట్ చేశాక డిక్కీ కింద కంప్రెసర్ చాలాసేపు గుర్రుమని, అప్పుడు లేస్తోంది. సందుల్లో నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు జెర్కులు వస్తున్నాయి. ఒక్కోసారి ఫోర్ బై ఫోర్, డీఎస్‌సీ (బండి జారకుండా చూసే సిస్టమ్), బ్రేక్ లైట్లు మూడూ కలిసి వెలుగుతాయి, ఆపి మళ్లీ తీస్తే పోతాయి. మైలేజీ తగ్గింది. కూలెంట్ నెల తిరిగేసరికి కొంచెం తగ్గుతోంది గానీ కింద చుక్క కూడా పడట్లేదు.

వర్క్‌షాప్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్: వెనక ఎయిర్ స్ప్రింగులు రెండూ, కంప్రెసర్ కలిపి 1,15,000. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) మొత్తం కొత్తది 2,10,000. థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపు చేసే వాల్వు), ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచేది) 70,000. ఆయిళ్లు, ఫిల్టర్లు, బుష్షులు 40,000. మొత్తం 4,35,000. అన్నీ ఒకేసారి చేయిస్తే కారు అమ్మితే వచ్చే డబ్బులో సగం పైగా దానికే పోతుంది. బండి మీద విరక్తి ఏమీ లేదు, ఉంచుకోవాలనే ఉంది. ఏది ముందు, ఏది ఆగుతుంది, ఏది అసలు అక్కర్లేదు? తెలిసినవాళ్లు చెప్పండి.


తణుకు డీజిల్ షెడ్

ఎస్టిమేట్ కాగితం కాసేపు పక్కన పెట్టండి. అందులో లేనిది ఒకటి ముందు చూడాలి: టైమింగ్ చైన్, అంటే వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే గొలుసు.

ఈ ఎన్57 ఇంజిన్‌కి చైన్ ముందు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, లేదంటే ఇంజినే బయటికి తీయాలి. చైన్, గైడ్‌లు, టెన్షనర్ల ఖరీదు కన్నా ఆ విప్పుడు కూలే ఎక్కువ. చైన్ తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజిన్ పోతుంది. కాబట్టి చైన్ సంగతి తేలకుండా గాలి బుడగల మీదా ట్రాన్స్‌ఫర్ కేస్ మీదా లక్షలు పెట్టడం వరస తప్పిన పని.

చూసే పద్ధతి ఇది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంకొకరి చేత స్టార్ట్ చేయించండి. మీరు అద్దం వైపు, ఇంజిన్ వెనక భాగం దగ్గర చెవి పెట్టండి. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే టెన్షనర్‌లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతోందని అర్థం. ఆగకుండా, ఇంజిన్ వేడెక్కాక కూడా 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య గీసుకుంటున్నట్టు శబ్దం వస్తుంటే చైన్ సాగింది, లేదా గైడ్ అరిగింది.

శబ్దంతోనే తీర్పు ఇవ్వకండి. ఆయిల్ ఫిల్టర్ తీయించి, దాని కాగితం మడతలు కత్తితో కోసి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. గోధుమరంగు, నల్లరంగు ప్లాస్టిక్ పెచ్చులుంటే గైడ్ విరుగుతోంది. మెరిసే పొడి ఉంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అది చైన్ నుంచో గేర్ల నుంచో వస్తుంది. అంటుకోకుండా వెండి, రాగి రంగుల్లో పలచని రేకులు కనిపిస్తే క్రాంక్ బేరింగులు అరుగుతున్నాయి. రేకులు కనిపిస్తే ఈ చర్చలో మిగతాది చదవక్కర్లేదు, ఆ ఇంజిన్ లెక్క వేరు. ఏమీ లేకపోతే ధైర్యంగా ముందుకు వెళ్లండి.

ఇక గాలి సంగతి. మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. ఎడమవైపు ఒక్కటే, అదీ రాత్రి ఆగినప్పుడే దిగుతోంది కాబట్టి గాలి కారుతోంది. ఎప్పుడూ ఒకే ఎత్తులో కిందికే ఉండిపోతే అది లీకు కాదు, ఎత్తు కొలిచే సెన్సార్‌ది. దానికి సన్నని కడ్డీ, రెండు చివర్లా చిన్న బంతి కీళ్లు ఉంటాయి. మన ఉప్పు గాలికి ఆ కీలు బిగుసుకుపోయి తప్పు కొలత ఇస్తుంది. దాన్ని చూడకుండా స్ప్రింగులు మార్చేసే షెడ్లు ఉన్నాయి.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి గిన్నెలు తోమే ద్రవం నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోయండి. ఎయిర్ స్ప్రింగ్ అడుగున రబ్బరు లోపలికి మడత పడే చోటు ఉంటుంది. నూటికి తొంభై అక్కడే పగుళ్లొస్తాయి. అక్కడ, పైన గాలి గొట్టం చేరే ఇత్తడి జాయింట్ దగ్గర, వాల్వ్ బ్లాక్ దగ్గర కొట్టండి. సన్నని లీకైతే నురగ వెంటనే రాదు, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. మడతలో మట్టి పేరుకుని ఉంటే ముందు కడిగి అప్పుడు చూడండి, మట్టి లీకుని మూసేసి కనపడనివ్వదు.

స్ప్రింగులు రెండూ కలిపే మార్చండి, ఒకే వయసు రబ్బరు కదా. బీఎండబ్ల్యూ పెట్టెలోనే కొనక్కర్లేదు, కాంటినెంటల్, ఆర్నాట్ మంచివే. కంప్రెసర్ మాత్రం ఇప్పుడే మార్చొద్దు. దానికి జబ్బు లేదు, లీకు వల్ల ఎక్కువసేపు తిరగాల్సి వస్తోంది. స్ప్రింగులు వేశాక డిక్కీలో నలుగురిని కూర్చోబెట్టి ఎంతసేపట్లో లేపుతుందో చూడండి. నిమిషం అటూ ఇటూగా లేపేస్తే అది ఇంకా పనికొచ్చేదే. నీరసంగా లేపినా, వేడెక్కి మధ్యలో ఆగిపోయినా అప్పుడు మార్చండి, రిలే కూడా కలిపి మార్చండి. పాత రిలే అంటుకుపోతే కొత్త కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

మెకానిక్‌కి రెండు జాగ్రత్తలు చెప్పండి. జాకీ పెట్టేముందు డిక్కీ ఫ్యూజ్ పెట్టెలో సస్పెన్షన్ ఫ్యూజ్ తీసెయ్యాలి. లేకపోతే బండి లేచినట్టు అనుకుని సిస్టమ్ గాలి వదిలేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. కొత్త స్ప్రింగ్ బిగించాక ఖాళీగా ఉండగా బండి బరువు దాని మీదికి దింపకూడదు. స్కానర్‌తో కంప్రెసర్‌ని తిప్పించి గాలి నింపాక, మడత సరిగా కూర్చుందని కంటితో చూసుకుని, అప్పుడు జాకీ దింపాలి. ఖాళీ రబ్బరు మీద రెండు టన్నుల బండి వాలితే మడత నలిగి కొత్తది కూడా కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది.


చించినాడ వంతెన

పై మాటలన్నీ సరైనవే. ట్రాన్స్‌ఫర్ కేస్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఎస్టిమేట్‌లో సగం అదే, అది దాదాపు అక్కర్లేని ఖర్చు కావచ్చు.

లాకులు గారూ, ముందు నాలుగు టైర్ల మీద గాడి లోతు కొలవండి. పది రూపాయల నాణెం కాదు, లోతు కొలిచే గేజ్ కొనండి, చవకే. ముందు టైర్లకీ వెనక టైర్లకీ 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే మీ జెర్కులకి కారణం అక్కడే ఉండొచ్చు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ముందు, వెనక షాఫ్టులు వేరు వేరు వేగాల్లో తిరుగుతుంటే మధ్యలో ఉన్న క్లచ్ పలకలు నిరంతరం జారుతూ వేడెక్కుతాయి. ఆయిల్ మాడి పలకలు పట్టు తప్పుతాయి. మలుపులో జెర్కు అంటే అదే.

రెండోది ఆయిల్. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లీటరు లోపే ఉంటుంది. అది జీవితాంతం మార్చక్కర్లేదని చాలాచోట్ల అంటారు, 1,38,000 కిలోమీటర్ల బండికి ఆ మాట నమ్మొద్దు. బండి వీఐఎన్‌లో (ఛాసిస్ నంబరులో) చివరి ఏడు అక్షరాలు పెట్టి పార్ట్ నంబరు తీసి, దానికి చెప్పిన ఆయిలే తెప్పించండి. గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ మిగిలింది కదా అని పోయనివ్వకండి, పలకల రాపిడి గుణం మారిపోతుంది. నింపే బోల్టు ఊడుతుందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే దింపే బోల్టు విప్పాలి. తుప్పు పట్టి నింపే బోల్టు రాకపోతే ఖాళీ డబ్బాతో బండి ఇరుక్కుపోతుంది. ఆయిల్ మార్చాక స్కానర్‌లో ఆయిల్ మార్చినట్టు నమోదు చేయించాలి. లేకపోతే కంప్యూటర్ ఇంకా పాత ఆయిలే అనుకుని క్లచ్‌ని పాత లెక్కతో నొక్కుతుంది.

మూడోది, లైట్లు మూడూ కలిసి రావడం. ట్రాన్స్‌ఫర్ కేస్ పక్కన ఒక చిన్న మోటారు ఉంటుంది, క్లచ్‌ని నొక్కేది అదే. దాని లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగి జారుతుంది. మోటారు ఇప్పి చూస్తే ఒక వైపు పళ్లు మాత్రమే సన్నగా చెక్కినట్టు ఉండి, మిగతావి బొద్దుగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ గేరు పూర్తి చుట్టు తిరగదు, కొద్ది మేరే అటూ ఇటూ కదులుతుంది. ఆ గేరు ఒక్కటే విడిగా దొరుకుతుంది. వేలల్లో పోయే పని అది, లక్షల్లో కాదు. వేశాక మోటారుకి కాలిబ్రేషన్ తప్పనిసరి.

వరస చెప్తున్నాను: టైర్లు, తర్వాత ఆయిల్, తర్వాత మోటారు గేరు. ఈ మూడూ అయ్యాక కూడా జెర్కు పోకపోతే అప్పుడే లోపలి చైన్, పలకల దాకా వెళ్లాలి. అప్పుడు కూడా మొత్తం యూనిట్ కొత్తది కొనక్కర్లేదు, లోపలి భాగాలు మార్చి బాగుచేసే షెడ్లు హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయి.


లంకల రోడ్డు

ఎయిర్ సస్పెన్షన్ పీకేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించేయండి అండి. ఒక్క ఖర్చుతో జీవితాంతం గొడవ వదులుతుంది. ఈ బాడీలో ఎయిర్ లేని మోడళ్లకి వెనక కాయిల్ స్ప్రింగులే కదా, కాబట్టి చోటు సరిపోతుంది. కిట్లు దొరుకుతాయి. మన గట్ల రోడ్లకి అదే మేలు.


తణుకు డీజిల్ షెడ్

లంకల రోడ్డు గారూ, చోటు సరిపోతుందన్నది నిజమే. కానీ ఈయన బండికి నేనది చెప్పను. మూడో వరసలో మనుషులు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టినప్పుడు ఎయిర్ అయితే మళ్లీ సమం చేస్తుంది. కాయిల్ అయితే తోక కిందికి పోయి ముందు లైట్లు ఆకాశంలోకి కొడతాయి. కాయిల్ వేసి కోడింగ్ మార్చకపోతే డ్యాష్‌లో లైటు శాశ్వతంగా ఉండిపోతుంది, రేపు నిజంగా లోపం వచ్చినా కనపడదు. ఎయిర్ సిస్టమ్‌లో స్ప్రింగులు, కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ మూడూ ఒకేసారి పోయిన బండికైతే మీ సలహా బాగుంటుంది. ఇక్కడ పోయింది రబ్బరు మాత్రమే. నాలుగు మూలలా ఎయిర్ ఉన్న బండి కాదు ఇది, వెనక రెండే, విప్పి బిగించడం తేలికే.


నరసాపురం లాకులు

అందరికీ కృతజ్ఞతలు అండి. చెప్పినవి చూశాం.

టేపుతో చక్రం నడిబొడ్డు నుంచి పైన ఆర్చి అంచు దాకా కొలిస్తే రాత్రికీ పొద్దుటికీ వెనక ఎడమ 4 సెంటీమీటర్లు దిగింది, కుడివైపు కదల్లేదు. అడుగు మడతలో నురగ వచ్చింది. ఫిల్టర్ కాగితంలో ప్లాస్టిక్ గానీ రేకులు గానీ లేవు. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు శబ్దం, తర్వాత ఏమీ లేదు. టైర్లు ముందు 6 మిల్లీమీటర్లు, వెనక 3 మిల్లీమీటర్లు. పోయిన ఏడాది ముందు రెండే మార్చారు, వేరే కంపెనీవి. నాలుగూ 255/50 ఆర్19 సైజే.

ఓబీడీ ముక్క (బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపేది) పెట్టి ఫోన్‌లో చూస్తే హైవే మీద కూడా కూలెంట్ 72 డిగ్రీలు దాటట్లేదు. ఇది మంచిదా చెడ్డదా? ఎండాకాలంలో చల్లగా ఉంటే మంచిదే అనుకున్నాం.


చించినాడ వంతెన

టైర్లు మీకు జవాబిచ్చేశాయి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే ప్యాటర్న్ వేయించండి. ముందువి పారేయొద్దు, స్టెప్నీకి ఒకటి ఉంచుకోండి. మొన్న ముందు రెండే మార్చి మిగిలిందనుకున్న డబ్బే ఇప్పుడు 2,10,000 ఎస్టిమేట్‌గా తిరిగొచ్చింది. ఇకమీద ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోండి, నాలుగూ ఒకే సైజు కాబట్టి మీకు ఆ వీలుంది. వెనక 285 సైజు ఉన్న బండ్లకి అలా కుదరదు.


ఆకివీడు ఆటో ఎలక్ట్రికల్

72 డిగ్రీలు చెడ్డదే అండి. ఈ డీజిల్ 88 నుంచి 90 దగ్గర నడవాలి. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఈ ఇంజిన్లలో అది మామూలు జబ్బు, మన ఎండల వల్ల పైకి తెలియదంతే. ఏసీ, ఎండ ఉన్నాయి కదా అని ఇంజిన్ లోపల వేడెక్కదు, రేడియేటర్‌లోకి నీళ్లు ఆగకుండా పోతూనే ఉంటాయి.

దీనివల్ల నష్టం రెండు రకాలు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ డీజిల్ ఎక్కువ పోస్తుంది, మీ మైలేజీ తగ్గింది దానివల్లే. రెండోది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అయితే మసిని కాల్చే ప్రక్రియ మొదలవ్వాలంటే ఇంజిన్ సరిగా వేడెక్కాలి. 72 దగ్గర అది మొదలుకాదు. పాలకొల్లు, నరసాపురం మధ్య పది కిలోమీటర్ల తిరుగుడుకి అసలే కష్టం. మసి నిండి డీపీఎఫ్ మూసుకుపోతే మీ 70,000 చిన్న అంకెలా కనిపిస్తుంది. కాబట్టి ఎస్టిమేట్‌లో అన్నిటికన్నా ముందు చేయాల్సింది, అన్నిటికన్నా చవకైనది థర్మోస్టాటే. మెయిన్ ఒకటి, ఈజీఆర్ వైపు ఒకటి, రెండూ కలిపి మార్చండి. ఒకటే మారిస్తే రెండోది తెరుచుకుని ఉన్నంతకాలం వేడెక్కదు. మాలే, బేర్ తయారీవి తీసుకోండి. మార్చాక తీరిగ్గా హైవే ఎక్కి తాడేపల్లిగూడెం దాకా ఒకే వేగంతో తీసుకెళ్లి, ఫోన్‌లో 88 చూపిస్తోందో లేదో రాసుకోండి.

కింద చుక్క పడకుండా కూలెంట్ తగ్గుతోందంటే ఈజీఆర్ కూలర్ మీద అనుమానం సబబే. లోపల పగిలితే కూలెంట్ పొగతో కలిసి వెళ్లిపోతుంది, బయట కనపడదు. దీని గురించి ఒక ముఖ్యమైన మాట: ఈజీఆర్ కూలర్ లీకై మసితో కలిసి మంట పుట్టే ప్రమాదం ఉందని 2018లో బీఎండబ్ల్యూ అనేక దేశాల్లో డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. డబ్బు కట్టేముందు మీ వీఐఎన్ ఇచ్చి, మీ బండికి అది వర్తిస్తుందా, ఉచితంగా మారుస్తారా అని రాతపూర్వకంగా అడగండి. వర్తించకపోతే ప్రెషర్ టెస్ట్ చేయించాకే కూలర్ కొనండి. ట్యాంకు మూత సీలు పోయినా నెలకి కొంచెం తగ్గుతుంది, అది ముందు మార్చి చూడండి.

మరొకటి, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. కూలెంట్ తగ్గినప్పుడు పోసింది ఏ నీళ్లు? నరసాపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్లు పోస్తే వాటర్ పంపు, రేడియేటర్, ఈజీఆర్ కూలర్ అన్నీ లోపల నుంచి తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్, బీఎండబ్ల్యూకి చెప్పిన నీలం కూలెంట్ సగం సగం. ఇప్పటికే బోరు నీళ్లు పడి ఉంటే థర్మోస్టాట్ మార్చేటప్పుడు మొత్తం దింపి, డిస్టిల్డ్ నీళ్లతో కడిగి కొత్తది పోయించండి. తర్వాత గాలి తీసే ప్రక్రియ పూర్తిగా చేయాలి, హడావిడిగా మూత పెడితే హెడ్‌లో గాలి బుడగ ఉండిపోతుంది.

ఇక మన డెల్టాలో ఈ బండ్లని చంపేది ఇంజిన్ కన్నా తడీ, ఎలుకలూ. పనోరమిక్ సన్‌రూఫ్ ఉంటే దానికి నాలుగు మూలల నుంచి నీళ్లు దిగే సన్నని గొట్టాలు ఉంటాయి. చెట్టు కింద పెట్టే బండైతే వేప పువ్వు, దుమ్ము చేరి మూసుకుంటాయి. వెనక గొట్టాలు మూసుకుంటే నీళ్లు డిక్కీ పక్క అరల్లోకి, అడుగు గోతిలోకి చేరతాయి. ఆ గోతిలోనే బ్యాటరీ, పక్క అరల్లో మాడ్యూళ్లు, ఫ్యూజ్ పెట్టె ఉంటాయి. వానాకాలం ముందు సన్‌రూఫ్ తెరిచి ప్రతి మూలా అర గ్లాసు నీళ్లు పోయండి, కింద చక్రాల దగ్గర ధారగా దిగాలి. దిగకపోతే గట్టి తీగ పెట్టి పొడవొద్దు, గొట్టం లోపల జాయింట్ ఊడిపోతుంది. పలచని నైలాన్ తీగ నెమ్మదిగా దింపండి. గాలి కొట్టినా తక్కువ ఒత్తిడితోనే. డిక్కీ చాప ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, తడి వాసన వస్తే ఇప్పటికే ఆలస్యమైంది.

బ్యాటరీ మార్చాల్సి వస్తే పాతదాని మీద రాసిన ఆంపియర్ అవర్లే, ఏజీఎం రకమే వేసి, స్కానర్‌తో రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ చేయకపోతే పాత బ్యాటరీకి పెట్టిన ఛార్జింగ్‌నే కొత్తదానికీ పెట్టి, తొందరగా చంపుతుంది. బ్యాటరీ నీరసపడితే డ్యాష్‌లో ఏవేవో సంబంధం లేని లైట్లు వస్తాయి. మీ మూడు లైట్ల సంగతి తేల్చేముందు వోల్టేజీ కూడా చూడండి, ఆఫ్‌లో ఉన్నప్పుడు 12.4 కంటే తక్కువైతే ముందు బ్యాటరీ.

పందికొక్కులు, ఎలుకలు చేలు కోసే రోజుల్లో ఊళ్లోకి వస్తాయి. ఇంజిన్ పైన ఉన్న శబ్దం తగ్గించే నురగ పొర వాటికి గూడు. వారానికోసారి బానెట్ ఎత్తి, పైన ప్లాస్టిక్ కవర్ తీసి చూడటమే మందు. గడ్డి పుడకలు, ధాన్యం పొట్టు కనిపిస్తే గూడు పెడుతున్నాయని అర్థం. వైరు కొరికితే అతికించి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి, వేడికి బిగిసే గొట్టం వేసి, ఆపై గుడ్డ టేపు.

గడ్డి అనగానే ఇంకొకటి. కోతల్లో రోడ్ల మీద ఆరేసిన వరి, గడ్డి మీదుగా వెళ్తే పుడకలు ఇంజిన్ అడుగు ప్లేటు మీదికి, సైలెన్సర్ మీదికి చేరతాయి. డీపీఎఫ్ మసి కాల్చేటప్పుడు ఆ గొట్టం నిప్పులా ఉంటుంది. అలాంటి రోడ్డు మీద వెళ్లొచ్చిన రోజు కిందికి వంగి చూసి, ఇరుక్కున్నది లాగేయండి.


లంకల రోడ్డు

కాయిల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, రబ్బరు ఒక్కటే అయితే తణుకు గారు చెప్పిందే సరి.

వరద నీళ్ల గురించి కలుపుతాను. లంకల వైపు, కాలువ గట్లు పొంగినప్పుడు నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే నొక్కగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ నష్టాన్ని మామూలు పాలసీలో కంపెనీలు ఇవ్వవు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ కావాలి, ఇంత పాత బండికి చాలాచోట్ల అది ఇవ్వరు. లాక్కెళ్లేటప్పుడు నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా ప్లాట్‌ఫామ్ లారీ మీదే ఎక్కించాలి. ముందు రెండు ఎత్తి వెనక రెండు దొర్లిస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది.


నరసాపురం లాకులు

టైర్లు, థర్మోస్టాట్లు, ఎయిర్ స్ప్రింగులు ముందు పెట్టుకుంటున్నాం. ఈజీఆర్ కూలర్ సంగతి వీఐఎన్ ఇచ్చి రాసి అడుగుతాం. గేర్‌బాక్స్ ఆయిల్ గురించి ఎవరూ అనలేదు, ఎస్టిమేట్‌లో కూడా లేదు. గేర్లు బాగానే పడుతున్నాయి, కదపొచ్చా? పాత ఆయిల్ కదిపితే గేర్‌బాక్స్ పోతుందని ఇక్కడ ఒక మాట ఉంది. అలాగే 2027లో ఆర్‌సీ 15 ఏళ్లు నిండుతుంది, అప్పుడు ఏమిటి?


తణుకు డీజిల్ షెడ్

కదపాల్సిందే అండి. మీది జెడ్‌ఎఫ్ 8 గేర్ల పెట్టె. తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమంటుంది. కదిపితే పోతుందన్న మాట, అప్పటికే క్లచ్‌లు మాడిపోయి గేర్లు జారుతున్న బండ్లకి చివరి నిమిషంలో ఆయిల్ మార్చి చూడటం వల్ల వచ్చింది. బాగున్నప్పుడు మారిస్తే భయం లేదు.

దీని అడుగు పళ్లెం ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది. ఫిల్టర్ ఒక్కటీ విడిగా రాదు, పళ్లెం మొత్తం మార్చాలి. జెడ్‌ఎఫ్ వాళ్ల పళ్లెం, గ్యాస్కెట్, బోల్టులు, లైఫ్‌గార్డ్ 8 ఆయిల్ ఒకే కిట్‌లో వస్తాయి. దింపితే మొత్తం రాదు, సుమారు 6 నుంచి 7 లీటర్లు వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది, ఫర్వాలేదు. బోల్టులు బలం కొద్దీ బిగిస్తే ప్లాస్టిక్ వంకరపోయి కారుతుంది. 10 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచ్ పెట్టి, ఎదురెదురు మూలలు వరసగా బిగించాలి.

లెవెల్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. బండి సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ప్రతి గేరులో కొన్ని సెకన్లు ఆపి పార్క్‌లోకి తెచ్చి, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగా నింపే రంధ్రం నుంచి సన్నగా కారేదాకా పోయాలి. మన మే నెల ఎండలో ఆ వేడి త్వరగా దాటిపోతుంది, పొద్దున్నే చేయించండి. వేడి దాటాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి నిండినట్టు కనిపిస్తుంది, నిజానికి తక్కువ ఉంటుంది. పళ్లెం తీసినప్పుడు వైరింగ్ ప్లగ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ స్లీవ్ సీలు కూడా మార్చేయండి, చవక, అక్కడా కారుతుంది.

ముందు బెల్ట్ వైపు ఒక్కసారి టార్చి వేయించండి. క్రాంక్ పుల్లీ లోపల రబ్బరు పొర ఉంటుంది. అది పగిలి బయటికి ఉబ్బితే పుల్లీ ఊగుతుంది, బెల్ట్ చిరిగి దాని పోగులు ముందు క్రాంక్ సీల్ లోపలికి చుట్టుకుంటాయి. పోగులు ఆయిల్ లోకి వెళ్తే ఆయిల్ పంపు జాలీ మూసుకుని ఇంజిన్‌కే ముప్పు. పుల్లీ, బెల్ట్ ఒకేసారి మార్చండి.

ఇంజిన్ ఆయిల్ ఏడు లీటర్ల పైచిలుకు పడుతుంది, డబ్బా మీద ఎల్‌ఎల్-04 (బీఎండబ్ల్యూ ఆయిల్ ప్రమాణం) అని రాసి ఉన్నదే. చైన్ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి బోర్డు చూపించే దూరం దాకా ఆగకుండా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకి మార్చండి. మీకు వచ్చే ఆ రెండు సెకన్ల శబ్దం పెరక్కుండా ఉండటానికి మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే.


చించినాడ వంతెన

ఆర్‌సీకి జవాబు: రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే ఐదేళ్లకి పొడిగిస్తారు. పొగ, బ్రేకులు, లైట్లు, అడుగు తుప్పు చూస్తారు. అందుకని థర్మోస్టాట్, ఈజీఆర్ సరిచేసుకోవడం పొగ పరీక్షకి కూడా పనికొస్తుంది. గడువు దాటనివ్వకండి, ముందే దరఖాస్తు పెట్టండి.

బాగుచేసేవాళ్ల సంగతి ఒకటి. అడుగున తుప్పు మీ వైపు ఎక్కువ కాబట్టి వెనక ఏసీ గొట్టాలు, బ్రేక్ గొట్టాలు, ఎగ్జాస్ట్ క్లాంపులు జాకీ మీద ఉండగానే ఫొటోలు తీయించుకోండి. రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన రోజు అడుగు భాగం మంచి నీళ్లతోనే కడగండి, బోరు ఉప్పు నీళ్లతో కడిగితే కడగకపోవడమే నయం. కాలువలు కట్టేసే రోజుల్లో నీటి ఎద్దడి ఉంటే పై భాగం వదిలేసి అడుగు, చక్రాల ఆర్చిలు మాత్రం కడగండి.

టైర్లు ఆర్డర్ పెట్టేటప్పుడు తయారీ వారం కూడా అడగండి. టైరు పక్కన గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒకే ఏడాదివి నాలుగూ ఇస్తేనే తీసుకోండి. మీ బండికి రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) వేసి ఉన్నాయా, మామూలువా? పక్కన ఆర్ఎఫ్‌టీ లాంటి గుర్తు ఉందేమో చూసి చెప్పండి, దాన్ని బట్టి ఏవి సరిపోతాయో రాస్తాను.